జానెడు తాడు

"మూడింటికి బండి కదులుతుంది. అందులో ఆవిడ ఉంటుంది," అన్నాడు మేజర్ నాసిఫ్.

సూయజ్ రేవు పోలీసు అధికారి రుష్దీ గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా పది.

"హత్య జరిగింది సూయజ్‌లో. పోయినవాడు సూయజ్ వాడు. మీరు పట్టుకున్న మనిషీ ఇక్కడిదే. మధ్యలో కైరోకి ఏం పని?"

"పోయినవాడు బూరీ దళం వాడు, రుష్దీ బే. వాళ్ళ సంగతి చేపల రేవు పోలీసులు తేల్చేది కాదు." నాసిఫ్ రుష్దీ కుర్చీలోనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఏ ఆఫీసు నుంచి వచ్చాడో ఏ కాగితం మీదా లేదు. అతని మాట వినమని పైనుంచి ఫోను మాత్రం వచ్చింది. "ఉపవాసంతో ఊరంతా తిరక్కండి. ఇంకా గంటా యాభై నిమిషాలుంది, కాస్త నడుం వాల్చండి."

"నా నడుం సంగతి నేను చూసుకుంటాను. నా కుర్చీ నాకు వదలండి."

"మూడింటికి వదులుతాను."

రుష్దీ పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బల్ల మీద సనియ్యా కూర్చుని ఉంది. యాభై రెండేళ్ళ మనిషి. రాత్రంతా నిద్రలేదు. కళ్ళు మాత్రం తడిగా లేవు. ఏడుపు ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

నిన్న శుక్రవారం, రంజాన్ పదో రోజు. సాయంత్రం అయిదూ ఇరవైకి రేవు పక్కన వలల కొట్టంలో షాజ్లీ శవం దొరికింది. వల అంచుకు కట్టే సీసపు గుండుతో తల వెనక ఒకే ఒక్క దెబ్బ.

సూయజ్ కాలువ కోసం జరిగిన యుద్ధంలో షాజ్లీ ఈదలేదు. ఒడ్డున ఉండి తాళ్ళు చూసేవాడు. బూరీ అంటే కాలువలో దొరికే చేప. జాలర్లు పెట్టిన ఆ పేరే దళానికి మిగిలింది. పదిమంది ఈతగాళ్ళు, అయిదు జతలు. నీటి అడుగున చీకట్లో విడిపోకుండా జతకు ఒక తాడు, రెండు బారలు, ఇద్దరి నడుములకూ కట్టి ఉండేది. అక్కడ మాట ఉండదు. గుంజడమే మాట. ఒకసారి గుంజితే బాగున్నాను. మూడుసార్లు గుంజితే చిక్కుకున్నాను, రా.

ఇరవై అయిదు రంజాన్ల కింద ఇదే పదో రోజున పదిమంది కాలువలో దిగారు. తొమ్మిదిమంది తేలారు. తేలనివాడు షెహాతా, సనియ్యా మొగుడు. అతని జతగాడు అప్పటి లెఫ్టినెంట్ ఇల్హామీ. తాడు కోసుకుని శత్రువు దీపాల వైపు ఈదుకుంటూ పోయాడు అని ఇల్హామీ రాసిచ్చాడు. ఆ ఒక్క వాక్యంతో షెహాతా ద్రోహి అయ్యాడు. వీరుల రాతిఫలకం మీద తొమ్మిది పేర్లూ చేరాయి, యుద్ధంలో పోయినవాళ్ళవీ, మంచంలో పోయినవాళ్ళవీ, ఇంకా బతికున్న ఇల్హామీది కూడా. షెహాతాకు చోటు లేదు. ఫలకం సరిదిద్దే కమిటీ ఆఖరిసారిగా రేపు ఆదివారం కూర్చుంటుంది. షాజ్లీ అక్కడ నోరు విప్పుతానన్నాడు. కాలేయం కుళ్ళి, పండగదాకా ఉండడని డాక్టర్లు తేల్చేశాక వచ్చింది ఆ ధైర్యం. చావుకు ముందు వచ్చే ధైర్యాన్ని రుష్దీ పెద్దగా లెక్కలో వేసుకోడు.

"నాలుగూ ముప్పావుకి అక్కడికెందుకు వెళ్ళావు?"

"ఖతాయెఫ్ మిఠాయి చేశాను. నాలుగు ఇచ్చి వద్దామని."

"నువ్వు అరిచావని పక్కకొట్టం దసూకీ అంటున్నాడు."

"అరిచాను. ఇరవై అయిదేళ్ళు నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నావు, ఆ నాలుక కోసి పిల్లులకి వెయ్యనా అన్నాను. కోపం రాదా బాషా, మీరే చెప్పండి దొరా? రేపు చెబుతానన్న మాట అప్పుడే చెప్పి ఉంటే నా ఇంటి గుమ్మం మీద ఇన్నేళ్ళు ఉమ్మేవాళ్ళా?"

"ఏం చెబుతానన్నాడు?"

"షెహాతా తాడు కొయ్యలేదన్నాడు. మరెవడు కోశాడంటే, ఆదివారం అందరి ముందూ చెబుతానన్నాడు. అతిథి వస్తున్నాడు, నువ్వెళ్ళమన్నాడు."

"ఎవరా అతిథి?"

"చెప్పలేదు. నేనడగలేదు."

"మసీదులో పిలుపు వినపడేసరికి ఎక్కడున్నావు?"

"రోడ్డు మీద. ఇఫ్తార్ వేళ రోడ్డు మీద ఎవరుంటారు? నేనూ, ఒక కుక్కా."

"ఎవరూ చూడలేదా?"

"కుక్క చూసింది. పిలిపించండి, సాక్ష్యం చెబుతుంది."

రుష్దీ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

"నా మెడ గురించి బెంగ లేదు బాషా," అంది. "నన్ను ఆ బండెక్కిస్తే రేపు కమిటీ ముందు ఆయన తరఫున నిలబడేది ఎవరు? అది చెప్పండి."

రుష్దీ టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

*

దసూకీ కొట్టం, షాజ్లీ కొట్టం ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. దసూకీకి చూపు సగం పోయినా వేళ్ళు వల మీద ఆగకుండా నడుస్తున్నాయి.

"చప్పుడు ఎన్నింటికి విన్నావు హాజ్?" అన్నాడు రుష్దీ, మక్కా వెళ్ళొచ్చిన ముసలివాణ్ణి మర్యాదగా పిలుస్తూ.

"నాకు గడియారమెందుకు బాషా? రేవు మసీదులో పిలుపు మొదలవగానే ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. రెండోది వేసుకునేసరికి నమాజుకు రండి అనే 'హయ్యా అలస్సలా' దగ్గరికొచ్చాడు. అప్పుడు, దబ్బుమని."

రేవు మసీదు పిలుపు నిన్న అయిదూ ఏడుకు. దెబ్బ పడింది అయిదూ ఎనిమిదికి.

"వెళ్ళి చూడలేదేం?"

"వలల మోపు పడిందనుకున్నాను. పప్పు సూపు వేడిగా ఉంది." ముసలివాడి వేళ్ళు మొదటిసారి ఆగాయి. "పన్నెండు నిమిషాలు తిన్నాను బాషా. ఈ గోడకవతల వాడు అలా పడి ఉంటే, నేనిక్కడ రొట్టె నంజుకుంటూ..."

"ఏడవకు. లోపలికి రా. నీతో పనుంది."

షాజ్లీ కొట్టాన్ని ఎవరో ఆదరాబాదరాగా వెతికారు. పెట్టెలు బోర్లా పడి ఉన్నాయి. నెత్తురు మరక పక్కన చెక్కపెట్టె మీద రెండు రేకు గ్లాసులు. ఒకటి ఒరిగిపోయి ఉంది. దాని చుట్టూ నీళ్ళు ఆరి తెల్లగా ఉప్పు తేలింది. రెండోది అంచుదాకా నిండుగా ఉంది. అది సనియ్యా కోసం పోసిందేనని నాసిఫ్ నివేదికలో రాశాడు.

"ఇవి కాలువ నీళ్ళే కదూ?"

"తెలియనివాడెవడు? యుద్ధం రోజు ఉపవాసం విడవొచ్చని పెద్దలు అనుమతిచ్చారు. బూరీవాళ్ళు విడవలేదు. ఉపవాసంతోనే దిగారు. పొద్దుగూకాక మొదట గొంతు దిగింది కాలువ నీరే. అప్పటినుంచి ఏటా రంజాన్ పదో రోజున ఖర్జూరం కన్నా ముందు ఇదే ఒక గుక్క."

"ఆడమనిషికి పోస్తాడా?"

"ఆడమనిషికా?" దసూకీ ఉమ్మబోయి, చనిపోయినవాడి కొట్టమని గుర్తొచ్చి ఆగాడు. "కన్నకొడుకు అడిగితేనే పొయ్యలేదు. దళంవాడైతేనే."

దళంలో ఇప్పుడు బతికున్నవాడు ఒక్కడే. రిటైరైన బ్రిగేడియర్ ఇల్హామీ. ఊళ్ళో కట్టిన కొత్త బడికి రేపు అతని పేరు పెడుతున్నారు. అందుకే కైరో నుంచి వచ్చి, కాలువ ఒడ్డున విశ్రాంతి గృహంలో దిగాడు.

రుష్దీ గోడ దగ్గరికి వెళ్ళాడు. కిరసనాయిలు పొయ్యి మసితో గోడంతా నల్లబారింది. దాని మీద అయిదు మేకులు. ఒక్కో మేకు కింద రేకుముక్క మీద రెండేసి పేర్లు. నాలుగు మేకులకు నాలుగు తాళ్ళు నాలుగేసి మడతల్లో వేలాడుతున్నాయి. అయిదో మేకు ఖాళీ. రేకు మీద ఇల్హామీ, షెహాతా అని ఉంది.

"ఈ మేకుకు ఏముండేది?"

"తాడు ముక్క. తెగిన ముక్క. చేపలవాళ్ళకి తెగిన తాడు ఒక వింతా? ఎన్నడూ అడగలేదు. యుద్ధమయ్యాక ఊళ్ళోకి తిరిగొచ్చిన రోజునే దాన్ని తగిలించాడు, మళ్ళీ ముట్టుకోలేదు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం దాన్ని చూస్తూ లెక్కపెట్టేవాడు. తొమ్మిదిదాకా లెక్కపెట్టి ఆగిపోయేవాడు."

"తొమ్మిదెందుకు?"

"దళం కట్టుబాటట. జతగాడు చిక్కుకుంటే తొమ్మిది గుంజుళ్ళదాకా ఆగాలి, విడిపించాలి. ఆ తరవాత కోసుకున్నా పాపం లేదు. ఇద్దరు చచ్చేకన్నా ఒకడు నయం కదా."

రుష్దీ మొదటి మేకు మీది తాడును పక్కకు ఎత్తాడు. దాని వెనక గోడ తెల్లగా ఉంది. తాడు పొడుగునా, నడుము ఎత్తుదాకా, ఇరవై అయిదేళ్ళ మసి సోకని చార. మిగతా మూడింటి వెనకా అంతే. అయిదో మేకు కింద తెల్లచార చాలా పొట్టి. పైన ఉచ్చు ఆకారం, దాని కింద చిన్న తోక. రుష్దీ చెయ్యి చాపి ఆ తోకను కొలిచాడు. జానెడు.

తాడు కోసేవాడు కత్తిని తన నడుము దగ్గరే పెడతాడు. కోసినవాడికి మిగిలేది జానెడు. మిగతా తాడంతా అవతలివాడితో పోతుంది. షెహాతాయే కోసుకుని పోయి ఉంటే ఇల్హామీ నడుముకు దాదాపు రెండు బారలూ వేలాడుతూ ఉండాలి. ఇల్హామీ ఒడ్డుకు తెచ్చింది జానెడు ముక్క. దాన్ని విప్పి తీసుకున్నవాడు తాళ్ళ మనిషి షాజ్లీ. చూసిన క్షణమే అతనికి తెలిసి ఉంటుంది. తెలిసీ మేకుకు తగిలించి, నోరు మూసుకున్నాడు. పదిమందికి వచ్చిన పేరు ఒక్కడి కోసం మట్టిలో కలుస్తుందని అనుకుని ఉంటాడు.

హంతకుడు తాడు పట్టుకుపోయాడు. గోడను పట్టుకుపోలేడు.

"ఫోటో తీసేవాణ్ణి పిలవనా?" అన్నాడు దసూకీ.

"వాణ్ణి పొద్దున్నే నాసిఫ్ కైరో పంపేశాడు." రుష్దీ పెన్సిలుతో తెల్లమచ్చ చుట్టూ గీత గీసి, కాగితం మీద కొలత రాశాడు. "వేలిముద్ర వెయ్యి."

దసూకీ బొటనవేలిని పొయ్యి మసిలో అద్ది కాగితం మీద నొక్కాడు.

రెండూ అయిదు.

*

నాసిఫ్ ఫైల్లో ఇల్హామీ సాక్ష్యం ఒక్క పంక్తి. అజాన్ వేళకు విశ్రాంతి గృహంలో భోజనబల్ల దగ్గర ఉన్నాను, నా వంటవాడు సాక్షి. షాజ్లీ పోయింది కూడా ఆ పిలుపు, అజాన్, వినపడిన వేళకే. రేవు నుంచి అక్కడికి కారులో నాలుగు నిమిషాలు. ఒకే మనిషి రెండుచోట్ల ఉండలేడు.

రుష్దీ ముందు వంటింట్లోకి వెళ్ళాడు. వంటవాడు ఉవైస్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పుట్టిందీ పెరిగిందీ కైరోలోనే. బ్రిగేడియర్ వెంట గురువారమే వచ్చాడు.

"నిన్న సూపు ఎప్పుడు పెట్టావు?"

"అజాన్‌కి బాషా. టీవీలో పొద్దుగూకిందని ఫిరంగి పేలింది, అజాన్ మొదలైంది, నేను గరిటె తీశాను."

"టీవీలోనా?"

"ఆఁ. పక్క మసీదులో అంతకుముందే పిలిచారు. నేను పరిగెత్తాను కూడా, సూపు తెస్తానని. అయితే బే పొద్దున్నే చెప్పారు. మనం కైరోవాళ్ళం, టీవీ పిలిచాకే విడుద్దాం, అప్పటిదాకా నన్ను పిలవకు, నమాజు గదిలో ఉంటాను అన్నారు."

రుష్దీ నిన్నటినుంచి ఫైల్లో అజాన్ అన్న మాట అయిదుసార్లు చదివాడు. ఏ ఊరి అజాన్ అని ఒక్కసారీ అడగలేదు. పొద్దు కైరోలో కన్నా సూయజ్‌లో అయిదు నిమిషాలు ముందు గూకుతుంది. టీవీవాడు పిలుపు అయ్యాక ప్రతిరోజూ చెబుతూనే ఉంటాడు, ఇది కైరో సమయం, బయటివాళ్ళు తేడా చూసుకోండి అని. చిన్నప్పటినుంచి వింటున్న మాట కాబట్టే ఎవరి చెవికీ ఎక్కదు.

"బే బల్ల దగ్గరికి ఎప్పుడొచ్చారు?"

"పిలుపు అయిపోతుండగా. చేతులు కడుక్కుని వచ్చారు. చొక్కా మార్చుకున్నారు కూడా." ఉవైస్ కత్తి ఆపాడు. "బాషా, నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"లేదు. ఉన్నదే అన్నావు. ఇక్కడ సంతకం పెట్టు."

అయిదూ ఎనిమిదికి దెబ్బ. అయిదూ పదిహేనుకు చేతులు కడుక్కోవడం. మధ్యలో ఏడు నిమిషాలు. ఊరంతా పళ్ళాల ముందు కూర్చున్న వేళ, పురుగైనా లేని రోడ్డు. సనియ్యాకు సాక్షి లేకుండా చేసిన రోడ్డే ఇల్హామీకి దారి ఇచ్చింది.

ఇల్హామీ వరండాలో కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. తల నెరిసినా భుజాలు ఇంకా ఈతగాడివే.

"మళ్ళీ ఏమిటి? మేజర్ అన్నీ రాసుకున్నాడుగా."

"ఒకటి మరిచాడు. బూరీ దళంవాడు సూయజ్ మసీదు పిలుస్తుంటే విని, కైరో పిలుపు కోసం ఆగుతాడా? ఉపవాసం విడవడం ఆలస్యం చెయ్యకూడదని చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆ అయిదు నిమిషాలు మీరెక్కడున్నారు బే?"

"నమాజు గదిలో."

"కాలువ నీళ్ళు తాగకుండానా? ఈ రంజాన్ పదో రోజున మీ గ్లాసు షాజ్లీ కొట్టంలో అంచుదాకా అలాగే ఉంది. మనిషిని చంపి, కైరోలో పొద్దు ఇంకా గూకలేదని నీళ్ళు మాత్రం ముట్టలేదా? లేక వాటిని చూస్తే భయమేసిందా?"

ఇల్హామీ మళ్ళీ కాలువ వైపు తిరిగాడు.

"తాడు పట్టుకుపోయారు. గోడ మీద దాని మచ్చ ఉంది. జానెడు."

"మచ్చా?" ఇల్హామీ పెదవి వంకరపోయింది. "మసిమచ్చతో బ్రిగేడియర్ని ఉరితీస్తావా? నువ్వెప్పుడైనా నీటి కింద ఉన్నావా రుష్దీ? కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. కాలికి ముళ్ళతీగ. నడుము దగ్గర మరొకడు గుంజుతుంటాడు. వాడి ప్రాణం నీ బొడ్డుకు కట్టి ఉంటుంది."

"కోయడం తప్పు కాదు. తొమ్మిది గుంజుళ్ళ తరవాత మీ కట్టుబాటే ఒప్పుకుంటుంది. మరి అబద్ధమెందుకు రాశారు?"

ఇల్హామీ లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎన్నో గుంజుడుకు కోశారు బే?"

ఇల్హామీ చెయ్యి తెలియకుండానే నడుము మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"మొదటి మూడింటికే," అన్నాడు. "నేను కోశాక కూడా అతను గుంజుతున్నట్టే ఉండేది. ఇప్పటికీ ఉంటుంది." వెంటనే లేచాడు. ముఖం మళ్ళీ బ్రిగేడియర్ ముఖమైంది. "నేనేమీ అనలేదు. నువ్వేమీ వినలేదు. నీకు ఇక్కడ సాక్షి లేడు. అసర్ నమాజు దగ్గరపడింది, వెళ్ళు."

రెండూ ముప్పై అయిదు.

*

ట్రాఫిక్ పదిహేను నిమిషాలు తినేసింది. స్టేషన్ ముందు కైరో బండి ఇంజను ఆడుతూ ఉంది. అతను మెట్లు రెండేసి ఎక్కాడు. చేతిలో రెండు కాగితాలు, దసూకీ వేలిముద్ర, ఉవైస్ సంతకం. బండిని ఆపడానికి అవి చాలు. ఆ తరవాత ఏమవుతుందో అల్లాకే తెలుసు.

పక్కగదిలో నాసిఫ్ పెన్నుకు మూత పెడుతున్నాడు.

"కష్టపడ్డారు రుష్దీ బే. ఆవిడ సంతకం చేసేసింది."

"కొట్టారా?"

"ఒక్క దెబ్బ కొట్టలేదు. అడగండి."

సనియ్యా బల్ల మీద అలాగే ఉంది. రెండు చేతులతో ఒక కాగితాన్ని గుండెకు అదుముకుంది.

"ఎందుకు చేశావమ్మా? నువ్వు చంపలేదు. నాకు తెలుసు. ఎవరు చంపారో కూడా తెలుసు. గంట ఆగలేకపోయావా?"

"ఇరవై అయిదేళ్ళు ఆగాను."

"తాడు కోసినవాడు ఇల్హామీ. రుజువు నా చేతిలో ఉంది."

"మంచిది బాషా. మీ రుజువు కింద సంతకం పెట్టేవాడెవడు?" ఆమె గొంతులో కోపం లేదు. "షాజ్లీ పోయాడు. నీళ్ళ కింద ఆయనతో ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. ఆయన అమరుడని వాడు రాసిస్తేనే కమిటీ ఒప్పుకుంటుంది. వాణ్ణి మీరు హంతకుణ్ణి చేస్తే, హంతకుడి మాట ఎవడు నమ్ముతాడు? ఈ మేజర్ ఆ కాగితం తెచ్చిచ్చాడు. నేను నా సంతకం ఇచ్చాను. నా మెడ ఇంకెన్నాళ్ళు ఉండే మెడ? ఆయన పేరు రాతి మీద ఉంటుంది."

"సనియ్యా..."

"చింపకండి బాషా. మీకు దణ్ణం పెడతాను. నాకు చదువు రాదు. అందులో ఆయన పేరుందా లేదా, అదొక్కటీ చెప్పండి."

ఆమె కాగితాన్ని వదల్లేక వదల్లేక ఇచ్చింది. రుష్దీ చదివాడు. టైపు చేసిన పది పంక్తులు. కింద ఇల్హామీ సంతకం. తాడు తెగిపోయింది, కోయబడలేదు, షెహాతా వీరమరణం పొందాడు. సందేహం లేదు, ఇలాంటి కాగితం ఉంటే కమిటీ అరనిమిషంలో తేల్చేస్తుంది.

"ఉందమ్మా," అన్నాడు. "షెహాతా పేరుంది."

సనియ్యా కళ్ళు మూసుకుంది. ఇన్ని గంటల్లో మొదటిసారి ఆమె వీపు గోడకు ఆనింది.

రుష్దీ చివరి పంక్తి మళ్ళీ చదివాడు. దళం తాళ్ళు భద్రపరిచిన దివంగత షాజ్లీ వద్ద ఈ విషయమై ఏ ఆధారమూ లేదు. దాని పక్కన నాసిఫ్ ఆఫీసు గుండ్రటి ముద్ర, వరస సంఖ్య, తేదీ. శుక్రవారం ఆఫీసులు ఉండవు. శనివారానికి కాగితం చేతిలో ఉండాలంటే సెలవుకు ముందే ముద్ర వేయించుకోవాలి. వేయించుకున్నారు. ముద్ర మీది తేదీ రంజాన్ తొమ్మిది, గురువారం.

గురువారం నాటికి షాజ్లీ బతికే ఉన్నాడు, కాగితం మాత్రం అప్పటికే అతన్ని దివంగతుణ్ణి చేసింది. శుక్రవారం పొద్దున కాలువ దగ్గరికి నడిచి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు ముంచుకుని వచ్చాడు.

రుష్దీ తలెత్తేసరికి నాసిఫ్ కుర్చీలో లేడు. తలుపు దగ్గర నిలబడి, లోపలివైపు నుంచి గడియ వేస్తున్నాడు.